ఒట్టు వేయించనివ్వని తాతయ్య

విశాఖపట్నం

ఒరేయ్,

తాతయ్య పోయారని తెలిసి నువ్వు రాసిన ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మీ బావ తాగుడు గురించి చెప్పి, "ఆయన ఉండుంటే మా బావకి ఏం చెప్పేవారో" అని చివర్లో రాశావు చూడు, అక్కడ ఆగిపోయింది అమ్మ. "రాయరా వాడికి, మామయ్యగారు చెప్పినవన్నీ రాయి" అంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. తీరిగ్గా చదువు.

తాతయ్య పోర్టులో గుమాస్తాగా పనిచేసేవారని నీకు తెలుసు. నడివయసులో మందు మానేసి, రిటైరయ్యాక డీఅడిక్షన్ సెంటర్లో కౌన్సెలర్ అయ్యారు. మల్కాపురం, గాజువాక, జాలారిపేటల నుంచి వచ్చేవాళ్ళు, నీతులు వినాల్సొస్తుందని తల వంచుకుని కూర్చునేవారు. ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఆఖరి పెగ్గు పడి ఎన్ని గంటలైందయ్యా?"

ఆ లెక్క ప్రాణానికి సంబంధించింది. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 8 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు, వాంతులు, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల అసలు గండం: లేని పురుగుల్ని మంచం మీంచి దులుపుతాడు, ఇంట్లోవాళ్ళని గుర్తుపట్టడు, జ్వరం, గుండె దడ. మన ఊళ్ళవైపు దీన్ని చూసి గాలి సోకిందనో, చిల్లంగి పెట్టారనో భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. అక్కడ పోయిన గంటలే మనిషిని చంపుతాయని తాతయ్య బాధ. ఈ దశలో ఆసుపత్రే దారి. కేజీహెచ్, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉంది, చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడ క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మందు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపుతారు. కాలేయం పాడైతే లోరాజిపామ్ వైపు వెళతారు. వీటికీ అలవాటు పడే ప్రమాదం ఉంది కాబట్టి మెడికల్ షాపులో కొని సొంతంగా వాడకూడదు.

ఇంకో సంగతి తాతయ్య కనబడ్డ ప్రతి ఆర్ఎంపీకీ చెప్పేవారు. నీరసంగా ఉన్న తాగుబోతుకి ముందు గ్లూకోజ్ సీసా ఎక్కించొద్దు, ముందు థయమిన్, అంటే బీ1 విటమిన్ ఇంజక్షన్ పడాలి. తిండి తినక తాగేవాళ్ళ ఒంట్లో బీ1 అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ని వాడుకోడానికి శరీరానికి అదే కావాలి. ఉన్న కాస్తా ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది: చూపు తేడా, నడక తూలడం, ఆ తర్వాత జ్ఞాపకం పోవడం. పోయిన జ్ఞాపకం చాలామందికి తిరిగి పూర్తిగా రాదు.

"రోజూ కొంచెమే" అనేవాళ్ళ చేత కాగితం మీద కూడిక వేయించేవారు. 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. క్వార్టర్ అంటే 180, కాబట్టి 60 గ్రాములు. "బీరే కదండీ" అన్నవాడికి, 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 సీసాలో దాదాపు 41 గ్రాములని చూపించేవారు, నాలుగు పెగ్గులన్నమాట. కాలేయం గంటకి 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. రాత్రి పదకొండుకి క్వార్టర్ ముగించి పొద్దున్న ఆరుకి ఎ-షిఫ్టుకి బండి మీద వెళ్ళేవాడి ఒంట్లో మందు ఇంకా ఉండొచ్చని ఆ లెక్కతోనే తెలిసేది. తిట్టకుండానే మనిషి ముఖం మారిపోయేది.

ఇప్పుడు ఒట్టు సంగతి. మీ అక్కకి ఇది తప్పకుండా చెప్పు. పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించడం, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్ళి ప్రమాణం చేయించడం మన ఇళ్ళలో మామూలే. తాతయ్య అమ్మవారి భక్తుడే, అయినా ఒట్టు వేయించనిచ్చేవారు కాదు. ఒట్టు తప్పినవాడు ఆ మాట ఇంట్లో చెప్పలేడు, దాస్తాడు. దాచడం మొదలైతే తాగుడు పెరుగుతుంది, సాయం అడిగే నోరు మూతపడుతుంది.

అయ్యప్ప మాల విషయంలో ఆయన జాగ్రత్త ఎంతో నచ్చేది నాకు. మాల వేసుకోవాలనుకునే తాగుబోతుని ముందు డాక్టరు దగ్గరికి పంపేవారు, ఎందుకంటే దీక్ష మొదలైన రెండో రోజే ఫిట్స్ రావచ్చు. తర్వాత, 41 రోజుల దీక్షలో ఉండగానే, 42వ రోజు సాయంత్రం ఎక్కడుంటాడో, ఎవరితో ఉంటాడో రాయించేవారు. మాల తీసిన రోజు స్నేహితులు సీసాతో ఎదురుచూస్తుంటారు. పైగా ఒంటికి అలవాటు తగ్గి ఉంటుంది, పాత లెక్కన తాగితే మత్తు మీద పడిపోతాడు. జాలారిపేట మత్స్యకారులకి ఇదే జాగ్రత్త సముద్రంలో చేపల వేటనిషేధం మీద చెప్పేవారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పని లేదు, రోజంతా తాగుడు. నిషేధం ఎత్తేశాక బోటు ఎక్కి నడి సముద్రంలోకి వెళ్ళాక వణుకు మొదలైతే ఆసుపత్రి ఎక్కడ? అందుకని మే నెలలోనే చికిత్సకి రమ్మని తిరిగి తిరిగి చెప్పేవారు.

1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చి 1997లో సడలిపోయింది కదా, దాని గురించి అడిగితే, దుకాణం మూసిన ఆ కాస్త కాలం ఆడవాళ్ళకి ఊపిరి ఆడిందనేవారు, అంతే. ఎక్కువ మాట్లాడేవారు కాదు.

మీ అక్క అడిగిందన్న మాత్ర డైసల్ఫిరామ్. ఇది కోరికని చంపదు. తాగిన మందు ఒంట్లో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారాక అది విరగకుండా అడ్డుకుంటుంది. దానివల్ల తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. ఆఖరి పెగ్గు పడి కనీసం 12 గంటలు దాటితేనే మొదలుపెట్టాలి. ఆ మాత్ర మానేసిన తర్వాత కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్పులు, షేవింగ్ లోషన్లు కూడా పడవు. గుండె జబ్బున్నవాళ్ళకి ఇవ్వరు. మీ అక్క దాన్ని సాంబార్లో కలిపి పెడదామనుకుంటోందేమో, వద్దు! తెలియకుండా తిని, తెలియకుండా తాగితే ప్రాణం పోవచ్చు. మీ బావ ఒప్పుకుంటే, డాక్టరు రాసిస్తే, పొద్దున్నే ఆమె ఎదుటే నీళ్ళతో వేసుకోవాలి. అలా వేసుకున్నప్పుడే అది బాగా పనిచేస్తుంది.

మానాక నెలల తర్వాత మళ్ళీ ఎందుకు జారతారంటే, తాతయ్య నాలుగు అడిగేవారు: ఆకలా, కోపమా, ఒంటరితనమా, అలసటా? ఏది ఉంటే ముందు దాన్ని తీర్చమనేవారు. తాగాలన్న తపన చాలాసార్లు అరగంట లోపే దానంతటదే దిగుతుంది, ఆ అరగంటకి భోజనమో, ఫోనో, నడకో ముందే ఏర్పాటు ఉండాలి. జీతం రోజున ఏటీఎం కార్డు భార్య దగ్గర ఉంచమనేవారు. దుకాణం ముందునుంచి పోయే దారి మార్చమనేవారు, బస్సు ఒక స్టాపు ముందే దిగినా సరే. ఒకవేళ జారితే, అదే రోజు చెప్పినవాణ్ణి మెచ్చుకునేవారు. ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది, ఇవి రాయించుకుని ఏర్పాటు మార్చేవారు.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు సాయపడే సంఘం, ఆ మీటింగులకి పంపేవారు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను కలిసి మొదలుపెట్టింది అది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే ఉంది, అక్క వెళ్ళగలిగితే వెళ్ళాలి.

అక్కకి ఆయన మాటగా ఇంకొన్ని: తాగి ఉన్నప్పుడు వాదించొద్దు, పొద్దున్న మాట్లాడు. ఆఫీసుకి "జ్వరం" అని నువ్వు ఫోన్ చెయ్యకు. మందు అప్పులు నువ్వు తీర్చకు. చెయ్యి చేసుకుంటే అక్కడ సర్దుకుపోవడం లేదు, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చెయ్.

ముందు బావ రోజుకి ఎంత తాగుతున్నాడో, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయో లేదో కనుక్కో. వచ్చి ఉంటే ఇంట్లో మానిపించే ప్రయత్నమే చెయ్యకండి, నేరుగా ఆసుపత్రి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలంటే 14446 కేంద్రం వారి డీఅడిక్షన్ హెల్ప్‌లైను. రాత్రి ఏ వేళైనా 14416 టెలీ-మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆదివారం అమ్మ నీకు ఫోన్ చేస్తానంది. అక్కని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నీ నేస్తం