బుజ్జీ, నువ్వొక్కదానివే లేపగలిగే బండి కొను

బుజ్జీ,

నువ్వు పంపిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు ఫోటో చూశాను. మంచి బండి, కాదనను. కానీ ఈఎంఐ మీద సంతకం పెట్టే ముందు ఇది నిదానంగా చదువు, ఫోన్లో ఇంత చెప్పలేను కాబట్టి రాస్తున్నా.

నీకు ఇప్పుడు కావలసింది లడఖ్ వెళ్లే బండి కాదు, ఆదివారం పొద్దున్నే మట్టి దారుల్లో తిరిగి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చే బండి. దానికి నా హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటిది చాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మరీ మంచిది. ఆ 450 బరువు 196 కిలోలు, ఎక్స్‌పల్స్ 160 లోపే. చదివితే పెద్ద తేడా అనిపించదు గానీ, ఫిరంగిపురం దాటి కొండవీడు కొండల కింద గులకరాళ్ల వాలులో బండి పక్కకు ఒరిగిపోయి, కనుచూపు మేరలో మనిషన్నవాడు లేనప్పుడు ఆ 36 కిలోల పైచిలుకు తేడా ఏంటో తెలుస్తుంది. మట్టిలో అందరూ పడతారమ్మా. పడ్డ బండిని నువ్వొక్కదానివే లేపగలగాలి, నాకు ముందు అదే ముఖ్యం.

లేపేటప్పుడు తొందరపడకు. ముందు ఇంజిన్ ఆపి, జారకుండా గేర్‌లో ఉందో లేదో చూసుకో. కుడివైపు పడితే సైడ్ స్టాండ్ ముందే దించిపెట్టు, లేకపోతే లేపాక అటువైపు పడుతుంది. తర్వాత సీటుకి వీపు ఆనించి గొంతుక్కూర్చుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు వెనకుండే పట్టుకునే కడ్డీ (గ్రాబ్ రైల్) పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి తోస్తూ లేవాలి. బలమంతా కాళ్లదే, నడుముది కాదు.

ఎక్స్‌పల్స్ సీటు ఎత్తు 82 సెంటీమీటర్ల పైనే, నీకు మునివేళ్లే ఆనతాయి. దానికి టెన్షన్ పడకు, ఆగేచోటు ముందే చూసుకుని ఒక కాలే ఆనించు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18, అందుకే గుంటలు, రాళ్లు ఎక్కేస్తుంది. పాత బండి చూడటానికి వెళ్తే రిమ్ము ఎక్కడైనా వంగిందా, స్పోకులు వదులయ్యాయా, ముందు ఫోర్కుల (ముందు చక్రానికి అటూఇటూ ఉండే షాక్ అబ్జార్బర్ గొట్టాలు) దగ్గర ఆయిల్ కారుతోందా చూడు. టైర్లు ట్యూబువి, కాబట్టి మట్టిలో పట్టు కోసమని గాలి మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు చిరుగుతుంది. కొంచెం తగ్గించు, తారు రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టించు.

గతుకుల్లో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడు, మోకాళ్లతో ట్యాంకు పట్టుకో, చేతులు బిగించకు. చక్రం కిందికి కాదు, వెళ్లాల్సిన చోటికి చూడు. దిగుడులో ఫస్ట్ గేర్, వెనక బ్రేకు. గులకమట్టిలో, అందులోనూ మలుపులో, ముందు బ్రేకు గట్టిగా నొక్కావంటే బండి జారిపోతుంది. ఇవి మన వీధి చివర ఖాళీ స్థలంలో నడక వేగంతో చేస్తే వస్తాయి, స్పీడుతో రావు.

వాన పడ్డాక మాత్రం నల్లరేగడిలోకి వద్దు. మన వైపు మట్టి సంగతి నీకు తెలిసిందే కదా, చక్రానికి చుట్టుకుని, చైను చుట్టూ పేరుకుని, కాసేపటికి చక్రమే తిరగదు, పుల్లతో గీకుతూ కూర్చోవాలి. రెండు రోజులు ఎండ కాసేదాకా ఆగు. ఎండాకాలం దుమ్ములో తిరిగితే ఎయిర్ ఫిల్టర్ విప్పి చూసుకో.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటారు. పక్క నుంచి జోరుగా వెళ్తే దుమ్మంతా వాళ్ల కాయల మీదే పడుతుంది, అది వాళ్ల ఏడాది కష్టం. అక్కడ ఫస్ట్ గేర్‌లో పోనివ్వు. పైరున్న చేలో, రిజర్వు ఫారెస్టులో దిగొద్దు. అడవిలో తిరగాలని ఉంటే పర్మిషన్ తీసుకునే వెళ్దాం.

ఆ 450కి, దీనికి మధ్య మిగిలే డబ్బులో హెల్మెట్, మోకాలి గార్డులు, చీలమండ దాటే బూట్లు ముందు కొను. చెప్పులతో, స్పోర్ట్స్ షూలతో ఎక్కితే ఒప్పుకోను. మొదట్లో ఒంటరిగా వెళ్లకు, నేను వస్తా. అమ్మతో నేను మాట్లాడతాను. నీ బూటు సైజు పంపు.

మీ నాన్న
గుంటూరు