పేరు మార్చడమే కదా అన్నావు

ఒరేయ్ బాబ్జీ,

"ఫైలు పేరు మార్చడానికి కెర్నెల్లో అన్ని లాకులేటిరా" అని నిన్న ఫోన్లో నవ్వావు. కెర్నెల్ అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, లాకంటే ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టకుండా అది వేసే తాళం. కాంప్లెక్సులో బస్సుల గోలకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ ఎంవీపీ కాలనీలో పొద్దుట్నుంచి ఒకటే వాన, ఎక్కడికీ కదిలేది లేదు. తీరిగ్గా విను.

ముందు నా ఏడుపు. చెల్లి పెళ్లి ఫొటోల ఫోల్డరు, 40 జీబీ, లాప్‌టాప్‌లోనే ఒకచోట నుంచి ఇంకోచోటికి, ఫైళ్లని కదిలించే 'ఎంవీ' (mv) కమాండ్‌తో మార్చాను. ఎంటర్ కొట్టానో లేదో అయిపోయింది. భలే అనుకుని, పెళ్లికూతుర్ని చేసిన రోజు ఫొటోలు అదే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి పంపి, పని అయిపోయిందన్నట్టు ప్రాంప్ట్ రాగానే పీకేశాను. డాబా గార్డెన్స్‌లో ఆల్బమ్ వాళ్లు పెట్టి చూస్తే సగం ఫొటోలు సున్నా బైట్లు! లాప్‌టాప్‌లో చూస్తే అక్కడా లేవు. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఫొటోగ్రాఫరు కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను.

ఒకటే కమాండు, రెండు వేర్వేరు పనులు. డైరెక్టరీ, అదే ఫోల్డరు, అంటే పేర్ల పట్టిక, ఒక్కో పేరు ఎదురుగా ఒక ఐనోడ్ నంబరు (అసలు ఫైలుని గుర్తుపట్టే నంబరు), అంతే. ఒకే ఫైల్‌సిస్టంలో, అంటే ఒకే డిస్కు భాగంలోని ఫైళ్ల అమరికలో, మార్చితే ఈ పట్టికలో కొట్టేసి ఆ పట్టికలో రాసుకుంటుంది. ఫొటోని ముట్టుకోనే ముట్టుకోదు. ఆ నంబరు చూపించే 'ఎల్ఎస్ మైనస్ ఐ' (ls -i) కొట్టి చూడు, ముందూ తర్వాతా అదే నంబరు. చెల్లికి ఇంటిపేరు మారినట్టే అనుకో, మనిషి మనిషే. ఫోల్డరు మారితే లోపలున్న వేల ఫైళ్లకీ ఇంటిపేరు మారిపోతుంది, ఒక్కదాన్నీ కదపకుండా.

పెన్‌డ్రైవ్ వేరే ఫైల్‌సిస్టం. ఇక్కడి నంబరు అక్కడ చెల్లదు. కెర్నెల్ 'ఎక్స్‌డెవ్', అంటే ఫైల్‌సిస్టం దాటి కుదరదు, అని మొహం మీదే చెప్పేస్తుంది. అప్పుడు ఎంవీ గుట్టుచప్పుడు కాకుండా కాపీ చేసి, పాతది చెరిపేస్తుంది. కాపీ అయిందన్నది ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు, నాలాంటి వెధవ ఈలోపు పీకేస్తాడు.

మొదట్లో యూనిక్స్‌లో రీనేమ్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రాం కెర్నెల్‌ని పని అడిగే పద్ధతి) లేనే లేదు తెలుసా? కొత్త పేరుతో లింకు పెట్టి, పాతది తీసేసేవారు. మధ్యలో మెషీన్ పడిపోతే రెండు పేర్లూ మిగిలేవి. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో రీనేమ్ వచ్చింది. ఆ పేరుతో ముందే ఒక ఫైలుంటే దాని స్థానంలో కొత్తది ఒక్క దెబ్బకి కూర్చుంటుంది, ఆ పేరు ఖాళీగా ఉన్న క్షణమే ఎవరికీ కనపడదు. చాలా ఎడిటర్లు కొత్త ఫైలు రాసి, దాన్ని పాతదాని పేరుకి మార్చి సేవ్ చేసేది ఈ ధైర్యంతోనే.

ఇక నీ లాకులు. 'పెళ్లి', 'ఫొటోలు' అని పక్కపక్కన రెండు ఫోల్డర్లు. నేను పెళ్లిని ఫొటోల్లోకి తోస్తున్నాను. సరిగ్గా అప్పుడే నువ్వు ఇంకో టెర్మినల్లో ఫొటోల్ని పెళ్లిలోకి తోస్తున్నావు. ఎవరికి వారు చూసుకుంటే తప్పేం లేదు. రెండూ జరిగితే? దాని కడుపులో ఇది, దీని కడుపులో అది, రూట్ (అన్నిటికీ పైనున్న ఫోల్డరు) నుంచి వెళ్లే దారే ఉండదు! అందుకే లైనక్స్ వీఎఫ్ఎస్‌లో (అన్ని ఫైల్‌సిస్టంలకీ పైనుండే కెర్నెల్ పొరలో) ఒక డైరెక్టరీ నుంచి ఇంకోదానికి దాటే రీనేమ్‌లకి ఫైల్‌సిస్టం మొత్తానికీ ఒకటే మ్యూటెక్స్ (ఒక్కసారికి ఒక్కరికే దొరికే లాకు): ఒకరి తర్వాత ఒకరు. ఆ తర్వాత రెండు పట్టికలకీ లాకు, ఒకటి ఇంకోదానికి పైదైతే ముందు పైదానికి. తన పిల్ల ఫోల్డర్లోకే తను దూరబోతే 'చెల్లదు' అని తిప్పి పంపేస్తుంది. నాకైతే ఇది అతి జాగ్రత్త అనిపించదు.

2014లో 3.15 కెర్నెల్‌తో రెండు పేర్లని ఒకేసారి తారుమారు చేసే సదుపాయం కూడా వచ్చింది. నాకు ఇంతవరకు దాంతో పని పడలేదనుకో.

అన్నట్టు, ముందే తెరిచి ఉన్న ఫైలుకి పేరు మారినా పట్టదు, ప్రోగ్రాం దాని మానాన అది చదువుకుంటుంది. మా నాన్న అదే టైపు. వాల్తేరు డివిజన్‌ని విశాఖపట్నం డివిజన్‌గా మార్చడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది కదా, ఆయనకి అది ఇప్పటికీ వాల్తేరే.

ఆల్బమ్ వచ్చే వారం ఇస్తామన్నారు. ఫొటోలు నీకు పెన్‌డ్రైవ్‌లో కొరియర్ చేస్తాను, ఈసారి ఉత్త కాపీ కొట్టి, ఎజెక్ట్ చేసి మరీ.

నీ
రాజు