శుక్లం ముదిరేదాకా ఆగాలా? జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2018లో తెలంగాణ ప్రభుత్వ ఉచిత కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలయ్యాక మా ఊళ్లో చాలామందికి కళ్లద్దాలు వచ్చాయి. సంతోషం. కానీ "శుక్లం ఇంకా ముదరలేదు, ఆగుదాం" అనే మాట రచ్చబండ దగ్గర ఇప్పటికీ వినిపిస్తోంది. అది పాతకాలపు పద్ధతి. ఇప్పుడు చిన్న కోతతో మసకబారిన కటకాన్ని తీసి లెన్సు పెడుతున్నారు. చూపు మసకబారి రోజువారీ పనులకు ఇబ్బందైతే చాలు, ఆపరేషన్ చేయించుకోవచ్చు. మరీ ముదిరితే ఆపరేషనే కష్టం. చుక్కల మందుతో శుక్లం కరగదు, ఎవరు అమ్మినా సరే.

నా అసలు టెన్షన్ నీటికాసులు (గ్లకోమా), షుగర్‌తో రెటీనా (కంటి లోపలి వెనక పొర) దెబ్బతినడం గురించి. మొదట్లో నొప్పి ఉండదు, నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. షుగర్ మాత్రలిచ్చే రోజే పీహెచ్‌సీలో రెటీనా ఫొటో తీయించండి. ఆపరేషన్ అవసరమని తేలినవాళ్ల జాబితా ఆశా కార్యకర్తలకివ్వండి. తోడు లేక ఆగిపోయిన ముసలివాళ్లకు బండి పంపండి.

ఇట్లు,
ఒక గ్రామస్థుడు