ఆ జాబితాలో మీ పిల్లల పేరు ఎందుకుంది?

తల్లిదండ్రులకు నమస్కారం.

పేరెంట్స్ గ్రూపుల్లో తిరుగుతున్న పేర్ల జాబితా గురించి ఆఫీసుకు ఒకటే ఫోన్లు. అది శిక్ష పడ్డవాళ్ల జాబితా కాదు, ఫీజు బాకీలది అసలే కాదు. సైన్స్ ప్రదర్శన, ఆటల పోటీలు ఒకే రోజు వచ్చాయి. రెండింటికీ పేరిచ్చిన పిల్లలెవరో చెప్పే జాబితా అది.

తయారుచేసింది మన తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు. పీఈటీ సారు రెండు కాగితాలు ముందేసుకుని టిక్కులు పెడుతుంటే చూడలేక, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసిచ్చారు. ఒక్కో లిస్టునూ సెట్‌గా మార్చి, మధ్యలో & పెడితే రెండింటిలోనూ ఉన్నవే మిగులుతాయి. మనం లెక్కల్లో చదివిన సమితుల ఛేదనమే ఇది. అక్కడ బోర్లించిన గిన్నెలాంటి గుర్తు, ఇక్కడ &.

సమితుల పాఠాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టి వదిలేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లండ్ తర్కవేత్త జాన్ వెన్ 1880లో గీసి చూపించిన వృత్తాలు నోటుబుక్కులో అందంగా గీసి, రంగులేసి, మర్చిపోతారు. అవే వృత్తాలు ఇక్కడ పనిచేస్తున్నాయి! & తీసి మైనస్ పెడితే ఆటలకు మాత్రమే వచ్చేవాళ్లు, నిలువు గీత పెడితే మొత్తం పిల్లలు, ఎవరి పేరూ రెండుసార్లు రాకుండా. 300 పేర్ల లిస్టులు రెండింటిని ఒక్కో పేరూ పట్టుకుని వెతికితే 90,000 పోలికల దాకా పోతుంది. సెట్ అలా మొత్తం వెతకదు, పేరు ఎక్కడ ఉండాలో ఆ పేరు నుంచే వచ్చే హాష్ విలువ అనే సంఖ్యతో లెక్కగట్టి నేరుగా అక్కడే చూస్తుంది. ఇది అర్థమైన పిల్లలకు ఛేదనం నిర్వచనం బట్టీ పట్టాల్సిన పనేముంది?

మొదటిసారి నలుగురి పేర్లే వచ్చాయి. రెండింటికీ పేరిచ్చిన తామిద్దరూ అందులో లేకపోయేసరికి ఆ అమ్మాయిలకు అనుమానం వచ్చింది. ప్రోగ్రాం సరిగ్గానే ఉంది. తేడా మీరు దయతో నింపి పంపిన ఫారాల్లో ఉంది. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరం, కొన్నిచోట్ల ముద్దుపేరు కూడా. చివర ఒక్క ఖాళీ ఎక్కువున్నా పైథాన్‌కు అది వేరే పేరే. ఖాళీలను కత్తిరించవచ్చు గానీ ముద్దుపేర్లను ఏం చేస్తారు? చివరికి పేర్లు పక్కనపెట్టి అడ్మిషన్ నంబర్లతో పోల్చారు. ఆ ఆలోచన వాళ్లదే, ఏ టీచరూ చెప్పలేదు.

మా అబ్బాయిని మొదట ఎందుకు వేశారని అడిగిన నాన్నగారికి: సెట్‌కు వరుస ఉండదండీ. మళ్లీ నడిపితే మీవాడు చివర్లో రావచ్చు.

యూనిట్ టెస్టుల టైంటేబుల్, ఫీజు గడువు డైరీలో ఉన్నాయి, చూసి సంతకం చేయండి.

ఇంకో మాట. హోంవర్కులో సెట్‌గా మార్చకుండా లిస్టుల మధ్యే & పెట్టి, ‘టైప్‌ఎర్రర్ వస్తోంది మేడమ్’ అని రాత్రి పదకొండింటికి మెసేజ్ చేసింది పిల్లలు కాదని మాకు తెలుసు. మీ శ్రద్ధకు సంతోషమే. కానీ ఆ ఎర్రర్ రావాల్సింది పిల్లలకు.

జాబితాలో ఉన్నవాళ్లు రెండింట్లో ఏది కావాలో శుక్రవారంలోగా తామే క్లాస్ టీచరుకు చెప్పాలి. ఫారంలో అడ్మిషన్ నంబరు తప్పనిసరి. అది ఐడీ కార్డు వెనకే ఉంటుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు