టైఫాయిడ్ కాదు, టైఫస్: జ్వరంతో వచ్చినోళ్ళ ఒళ్ళు ఒకసారి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చంద్రగిరి దగ్గర ఒక పల్లె. రెండు జెర్సీ ఆవులు, నాలుగు మేకలు, ఒక కుక్క ఉన్నాయి మాకు. మొన్న కార్తీకంలో కుక్క తిండి మానేసి మూలన పడుకుంటే ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన అడిగిన మొదటి మాట "పిడుదులు ఉన్నాయా" అని. చెవుల లోపల, కాలి వేళ్ళ సందుల్లో, పొట్ట కింద అంతా వెదికి చూసి, టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం) లాగుందని రక్తం తీసి, డాక్సీసైక్లిన్ మాత్రలు రాసిచ్చినాడు, అది బతికింది. పదిహేను రోజులు కూడా కాకముందే మాయమ్మకి జ్వరం పట్టుకుంది. ఆమెను మాత్రం ఇంట్లో ఏం జీవాలున్నాయి, ఏ పనికి పోతావు అని అడిగినోళ్ళు లేరు, ఒళ్ళు చూసినోళ్ళూ లేరు. ఆ బాధతోనే ఈ ఉత్తరం రాస్తా ఉన్నాను.

టౌన్లో ఒక క్లినిక్‌లో విడాల్ టెస్ట్ అని టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. ఐదు రోజులు పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు, సెలైన్లు. జ్వరం ఒక్క డిగ్రీ దిగలేదు, తల పగిలిపోతోందిరా నాయనా అని ఒకటే ఏడుపు, ఎనిమిదో రోజుకి ఆయాసం కూడా మొదలైంది. ఆరోజు మా అక్క వచ్చి ఒళ్ళు తుడుస్తా ఉంటే పావడ బొందు కట్టుకునే చోట బీడీతో కాల్చినట్టు నల్లగా పెచ్చు కట్టిన మచ్చ, చుట్టూ ఎరుపు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే మాయమ్మ ఎవురికీ చెప్పలేదు. చెప్పినా అక్కడ మచ్చ ఉందని మగ డాక్టరుకి ఎట్లా చూపిస్తుంది? తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసకపోతే డ్యూటీలో ఉండిన చిన్న వయసు డాక్టరమ్మ ఆ మచ్చ చూసి అప్పుడే స్క్రబ్ టైఫస్ అనింది. రక్తపరీక్ష రిజల్ట్ రాకముందే మందు మొదలుపెట్టింది, రెండో రోజుకి జ్వరం దిగిపోయింది. ఆ మందు ఏందనుకున్నారు, మా కుక్కకి ఇచ్చిన డాక్సీసైక్లినే. ఒక మాత్ర కొన్ని రూపాయలు, అంతే.

టైఫాయిడ్, టైఫస్ రెండూ వినడానికి ఒకటే మాట లాగుంటాయి కానీ రెండిటికీ సంబంధమే లేదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్ళ వల్ల, తిండి వల్ల వస్తుంది. టైఫస్ జ్వరాలు పురుగుల వల్ల వస్తాయి, ఆ బ్యాక్టీరియా మన కణాల లోపలికి దూరి బతుకుతుంది, టైఫాయిడ్‌కి వేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ దాని మీద పనిచెయ్యదు. విడాల్ టెస్ట్ ఒక్కటి చూసి నమ్మడానికి లేదు, వేరే జ్వరాల్లో కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. మావైపు అయితే జ్వరం వస్తే చాలు ల్యాబ్ కాగితంలో టైఫాయిడ్ అని ఉంటుంది, జనాలు కూడా దానికే అలవాటు పడిపోయినారు. ఆలస్యమయ్యే కొద్దీ ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి, ప్రాణాలే పోతాయి.

స్క్రబ్ టైఫస్ తెచ్చేది పిడుదు కాదు, అంతకంటే చాలా చిన్నది, చిగ్గర్ అంటారు, కంటికి ఆనదు. గెనిమల మీద, కొండ కింద పొదల్లో, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. కుట్టింది కూడా తెలీదు, పది రోజుల తర్వాత జ్వరం వస్తుంది. మాయమ్మ దినమూ కసువు కోసుకొచ్చేది అక్కడినుంచే. మనిషి నుంచి మనిషికి ఇది అంటదు. 2025 చివర్లో రాష్ట్రంలో ఈ కేసులు బయటపడినప్పుడు మన పక్కనే ఉండే చిత్తూరు జిల్లా పేరే ముందు ఉండింది, మరి ఇంకా మన డాక్టర్లకి ముందుగా ఈ అనుమానం రాకపోతే ఎట్లా?

కుక్కల ఒంటి మీద పిడుదులతో ఇంకో రకం టైఫస్ వస్తుంది, అందులో అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా ఎర్రటి మచ్చలు లేస్తాయి. మా వీధి పిల్లోళ్ళు కుక్క చెవిలో పిడుదులు పీకి రాయితో చితకకొట్టడం ఆటగా ఆడుతుంటారు, మేము పెద్దోళ్ళం కూడా ఆవు పొదుగు దగ్గర పీకి గోటితో నలిపేస్తాము. అట్లా చెయ్యకూడదని ఆ డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలీదు, నలిపితే దాంట్లో ఉండే క్రిమి గోటి సందున ఉండే చిన్న గాయంలోంచి కూడా పోతుందంట. చిన్న పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగాల, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాల. ఎలుకల మీద దుమికే, రక్తం తాగే ఫ్లీస్ అనే చిన్న పురుగుల వల్ల వచ్చే టైఫస్ మూడోది, ఆ పురుగు రెట్ట మన చర్మం మీద పడి గీరుకుంటే చాలు.

ప్లేగు కూడా ఆ ఫ్లీస్ తెచ్చిందే కదా. ఎలుకలు రాలిపడితే ఊరు ఖాళీ చేసి చేలల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళని మా అవ్వ చెప్పేది. కర్ణాటక, తమిళనాడు, మన ఆంధ్ర కలిసే ఆ పక్కన ప్లేగు ఎలుకల్లో నిలిచిపోయిందని ఏళ్ళ తరబడి ఎలుకల్ని, ఫ్లీస్‌ని పట్టి పరీక్షలు చేసినారు కూడా. చదువు లేని మా అవ్వ తరం జీవాల్ని చూసి మనిషికి వచ్చే జబ్బు పసిగట్టింది, ఇప్పుడు ఇన్ని ల్యాబులు ఉండి మనం జీవాల్ని లెక్కలోకే తీసుకోవడం లేదు.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఓపీ చీటీలో జ్వరం ఎన్ని రోజులు అని రాసే చోటే ఇంట్లో పశువులు, కుక్కలు ఉన్నాయా, పొదల్లోకి పోయినారా అని ఒక లైను పెట్టండి. ఆడోళ్ళయితే నర్సమ్మ తెర వెనక చంకలు, నడుము, రొమ్ముల కింద, తొడల సందులు ఒకసారి చూస్తే చాలు. ఇట్లాంటి ప్రాంతాల్లో అనుమానం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు 2015 లోనే చెప్పినారు. మనకి దగ్గర్లోనే ఉండే వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) డాక్టర్లే ముందుండి చేసిన పరిశోధన 2023లో వచ్చింది, సీరియస్ అయినోళ్ళకి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఒక్కటి ఇచ్చినదానికంటే బాగా పనిచేస్తుందని తేలింది. మన పక్కనే ఇంత తెలివి ఉండి మన పల్లె క్లినిక్‌కి చేరకపోతే ఏం లాభం?

మీకు కూడా ఒక విన్నపం. ఈ జబ్బు వార్త వచ్చినప్పుడల్లా పేపర్లలో, టీవీల్లో పెద్ద ఎర్రటి పురుగు బొమ్మ వేస్తా ఉన్నారు, జనం అంత పురుగు కనిపిస్తేనే భయపడాలనుకుంటారు. దాని బదులు ఆ నల్ల మచ్చ ఫోటో ఒకటి కలర్లో వేయండి సార్. కత్తిరించి మా ఊరి పాల సెంటర్ గోడకి అంటిస్తాను, పొద్దున్నే క్యాన్లు పట్టుకొచ్చే ఆడోళ్ళందరూ అక్కడే నిలబడతారు.

ఇట్లు,
ఒక పాడి రైతు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా