పేరు పెట్టిన పిల్ల

చిన్నీ,

మీ పాటల గ్రూపుకి కంపెనీ ఇచ్చిందని నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంటు మీ బావ ప్రింటు తీసిచ్చాడు, రెండుసార్లు చదివాను. ఫోన్లో చెప్పబోతే మధ్యలోనే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నా.

పోయిన శనివారం మీ అక్కా బావా నన్ను డెట్రాయిట్‌లో మోటౌన్ మ్యూజియానికి తీసుకెళ్లారు. మ్యూజియం అంటే ఏదో పెద్ద భవనం అనుకున్నాను గానీ అదొక మామూలు ఇల్లు, ముందు నీలం అక్షరాలతో హిట్స్‌విల్ యు.ఎస్.ఏ. అని బోర్డు. 1959లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని ఈ మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ మొదలుపెట్టి, ఈ ఇల్లు కొని పైన కాపురం, కింద స్టూడియో పెట్టాడట. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి వెళ్లిపోతే ఆయన అక్క ఎస్తర్ ఇల్లు వదలకుండా 1985లో మ్యూజియం చేసింది. కంట్రోల్ రూమ్‌లో ఒకచోట నేల అరిగిపోయి ఉంటుంది, కూర్చున్నవాళ్లు పాట వింటూ కాలితో తాళం వేసీ వేసీ అరగ్గొట్టారన్నమాట. ప్రతిధ్వని కోసం పైకప్పులో ఒక కంత పెట్టుకున్నారు, దాని కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటారు, నేనూ కొట్టాను.

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం సుప్రీమ్స్ అని మోటౌన్‌లో పాడిన ఆడపిల్లల గ్రూపు గౌన్ల దగ్గర. ఒళ్లంతా పూసలూ, చెమ్కీలూ. మగ్గం వర్క్ బ్లౌజు ఒక్కపూట వేసుకుంటేనే మనకి భుజాలు లాగేస్తాయి, వీళ్లు నిలువెల్లా అలాంటిది తొడుక్కుని, హైహీల్స్ మీద అడుగులు కలుపుతూ, నవ్వు చెదరకుండా ముగ్గురు మూడు శ్రుతుల్లో పాడేవాళ్లు. ఎలా కూర్చోవాలో, కారు ఎలా దిగాలో నేర్పడానికి మ్యాక్సీన్ పావెల్ అని ఒక మేడమ్‌నీ, స్టెప్పులకి చోలీ అట్కిన్స్‌నీ పెట్టింది కంపెనీ. మొదట్లో అయితే బట్టలు వాళ్లే కుట్టుకునేవాళ్లట.

అక్కడ విన్నది కొంత, ఇంటికొచ్చి మీ బావ లాప్‌టాప్‌లో చదివింది కొంత. నువ్వు కచ్చితంగా వినాల్సింది ఇదే.

ఫ్లోరెన్స్ బల్లార్డ్, మేరీ విల్సన్, డయానా రాస్, ముగ్గురూ డెట్రాయిట్‌లో బ్రూస్టర్-డగ్లస్ అనే ప్రభుత్వ క్వార్టర్స్‌లో పెరిగిన పిల్లలు. 1959లో నలుగురుగా ప్రైమెట్స్ అని మొదలయ్యారు. 1961లో మోటౌన్‌లో సంతకం పెట్టేటప్పుడు పేరు మార్చుకోమంటే, కంపెనీ ఇచ్చిన లిస్టులోంచి సుప్రీమ్స్ అన్నది ఏరింది ఫ్లోరెన్స్. మిగతావాళ్లకి ఆ పేరు నచ్చనేలేదట! తర్వాత నాలుగో అమ్మాయి వెళ్లిపోయి ముగ్గురు మిగిలారు. మూడేళ్లు ఒక్క పెద్ద హిట్టూ లేదు, కంపెనీలో వాళ్లని హిట్లు లేని సుప్రీమ్స్ అని ఏడిపించేవాళ్లు. 1964లో ఒక పాట నంబర్ వన్ అయింది, దాని వెనకాలే ఇంకో నాలుగు, మొత్తం మీద పన్నెండు. అప్పటికే గోర్డీ డయానా గొంతు ముందుపెట్టాడు. వ్యాపారం లెక్కన చూస్తే ఆయన తప్పేం కాదు, రేడియోలో ఆ సన్నగొంతు ఇట్టే పట్టేసుకుంటుంది, ఆ పిల్ల కష్టపడింది కూడా. నేను డయానాని తిట్టడానికి ఇది రాయట్లేదు, ఇంటర్నెట్‌లో ఆ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

1967 వచ్చేసరికి గ్రూపు పేరు "డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్" అయింది. అదే ఏడాది ఫ్లోరెన్స్‌ని తీసేసి ఇంకో అమ్మాయిని పెట్టారు. తాగుడు, బరువు, షోలకి రాకపోవడం అన్నారు, ఉండొచ్చు, ఆ పిల్ల మనసు అప్పటికే విరిగిపోయింది కూడా. 1968లో దాదాపు 1,40,000 డాలర్లకి సెటిల్ చేశారు. ఆ కాగితం ప్రకారం తర్వాత తను సొంతంగా రికార్డులు చేసినా "ఒకప్పటి సుప్రీమ్స్ గాయని" అని ప్రచారానికి వాడుకోకూడదు. పేరు ఏరిన మనిషే ఆ పేరు చెప్పుకోకూడదు! డబ్బు పోయింది, ఇల్లు పోయింది, 1976లో గుండెకి రక్తం గడ్డ అడ్డుపడి చనిపోయింది. ముప్పైరెండేళ్లు.

మేరీ విల్సన్ సంగతి వేరు, గట్టిపిండం. సుప్రీమ్స్ గౌన్లు చాలా దాచింది తనే, ఆవిడ దాచినవే 2008లో లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పెట్టారు. పేరు కోసం కంపెనీతో కోర్టుల్లో పోరాడింది. తర్వాత పాత గ్రూపుల పేర్లు పెట్టుకుని ఎవరెవరో స్టేజీలెక్కి పాడుతుంటే, అది ఆపడానికి చట్టాలు తెమ్మని రాష్ట్రం రాష్ట్రం తిరిగింది, చాలా చోట్ల తెచ్చారు కూడా. మోటౌన్‌లోనే మార్వెలెట్స్ అని ఇంకో గ్రూపు, కంపెనీకి మొదటి పాప్ నంబర్ వన్ తెచ్చిపెట్టిన ఆడపిల్లలు, వాళ్ల పేరైతే ఎవరో ప్రమోటర్ చేతిలోకే పోయింది.

ఇప్పుడు నీ కాగితం. నాలుగో పేజీలో గ్రూపు పేరు, లోగో కంపెనీవి అని రాశారు, చూశావా? ఏడో పేజీలో నీ పేరు ముందు వేసి, మిగతా ఇద్దర్నీ "సహగాయనులు, అవసరాన్ని బట్టి మార్చవచ్చు" అన్నారు. నీకది సంతోషంగానే ఉండి ఉంటుంది, నాకూ ఒక్క క్షణం ఉంది, అబద్ధమెందుకు. కానీ గ్రూపుకి ఆ పేరు పెట్టింది నువ్వు కాదు కదా, కింది శ్రుతి పాడే ఆ పిల్ల, మా డాబా మీద కూర్చుని. రేపు తనని మార్చేస్తే నువ్వు ఏ మొహం పెట్టుకుని వాళ్లమ్మ చేతి పులిహోర తింటావే?

సంతకం పెట్టొద్దు అనట్లేదు. పేరు ముగ్గురి పేరునా ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకోండి, కంపెనీకి వాడుకునే హక్కు మాత్రం ఇన్నేళ్లు అని రాసివ్వండి. ఎవరైనా మానేస్తే పాత పాటల డబ్బులో వాళ్ల వాటా ఎంతో, ఆ గ్రూపులో పాడామని చెప్పుకోవచ్చో లేదో అందులోనే ఉండాలి. మీ బావ స్నేహితుడు ఒకాయన హైదరాబాద్‌లో లాయరు, ఫీజు నేనిస్తాను, ముగ్గురూ కలిసి వెళ్లండి, నువ్వొక్కదానివే వెళ్లకు.

ఇంకోటి, మీ యూట్యూబ్ ఛానెల్ ఎవరి మెయిల్ ఐడీ మీద ఉందో కనుక్కుని ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు. ఆ మేనేజర్ కుర్రాడిదైతే మటుకు ముందు ఆ పని చూడు.

అమ్మ