సలాడ్ కౌంటర్ మీద బోర్డు నేనే తీసేశాను

సోమవారం నుంచి యూనివర్సిటీ డైనింగ్ హాల్లో ‘దగ్గరి తోటల ఆర్గానిక్ కూరగాయలు’ బోర్డు కనబడటం లేదని చాలామంది అడుగుతున్నారు. మూడు సెమిస్టర్లుగా ఆ కూరగాయలు తెచ్చిస్తున్నది నేనే కాబట్టి సంగతి నా నోటి నుంచే వినండి.

మాకు పండించి ఇచ్చే నలుగురు రైతుల్లో ఒకాయన టమాటాల్లో మార్కెట్ సరుకు కలిపాడు. క్రేటు తెరవగానే అనుమానం వచ్చింది, అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే సైజు; ఆయన తోటవి ఒకటి నిమ్మకాయంత ఉంటే పక్కది పిడికిలంత ఉంటుంది. కోత పుస్తకం తెప్పించి చూశాను. ఆ వారం కోసింది 60 కిలోలు, నాకు పంపింది 110.

నిలదీస్తే, ‘సెలవుల్లో మీరు కొనరు, కాయంతా చెట్టు మీదే పోతుంది, క్లాసులు మొదలవగానే ఒక్కసారిగా అడుగుతారు, ఎక్కణ్ణుంచి తేను అన్నా’ అన్నాడు. అందులో నిజముంది, నాకు ఎక్కువ కోపం తెప్పించిందీ అదే. లేవని ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా! రసాయనాలు మానేశాక సర్టిఫికెట్ కోసం మూడేళ్లు ఓపిక పట్టిన మనిషి, ఒక్క వారం ఓపిక పట్టలేకపోయాడు.

తర్వాత రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. టమాటాలు వెనక్కి పంపేసి బోర్డు అలాగే ఉంచుదాం, వండాక ఎవరికి తెలుస్తుంది అని కిచెన్‌లో సలహా ఇచ్చారు. మిగతా ముగ్గురి సరుకులో తేడా లేదు కూడా. కానీ అప్పటికే అన్నీ ఒకే టబ్బులో కడిగి, ఒకే బల్ల మీద తరిగేశాం. ఒకసారి కలిశాక ఏది ఆర్గానికో నేనే చెప్పలేను. ఆ బోర్డు మీది అక్షరాలు నా చేత్తో రాసినవి, అందుకే తీయడానికి అంత మనసొప్పలేదు, అందుకే తీశాను కూడా.

ఇకమీదట ఒక్కో తోటకు ఒక్కో రంగు క్రేటు. ఆర్గానిక్ సరుకు కడిగే టబ్బు, తరిగే బల్ల వేరు. వారం వారం కోత పుస్తకాలు, బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తాను. కోతకు రెండు రోజుల ముందు రైతులు చెప్పినదాన్ని బట్టే మెనూ, టమాటా లేని రోజు లేదంతే, గొడవ చేయకండి. సెలవుల్లో వచ్చే పంటను గుజ్జు చేసి ఫ్రీజర్‌లో పెట్టే విషయం వంటగది వాళ్లతో మాట్లాడుతున్నాను, ఇంకా తేలలేదు.

మిగతా ముగ్గురి లెక్కలు చూడటం అయ్యాకే బోర్డు మళ్లీ పెడతాను, తొందరపెట్టొద్దు. ఆ నాలుగో ఆయన్ని మళ్లీ తీసుకుంటారా అని అడిగినవాళ్లకు, ఈ నెల మాత్రం అడక్కండి.